తాడిపత్రి బండల మిషను చప్పుడులో ఎంత కరెంటుంది?

తాడిపత్రిలో నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీల వైపు ఎప్పుడైనా వెళ్లారా? ఆ చప్పుడు రోడ్డు మీదికే వినబడుతుంది. డైమండ్ బ్లేడు బండలోకి దిగేటప్పుడు పళ్లు జివ్వుమంటాయి. పైనుంచి నీళ్లు పడుతూనే ఉంటాయి, బూడిదరంగు బురద కాళ్ల కింద పారుతుంటుంది. ఇద్దరు మనుషులు అడుగు దూరంలో నిలబడి కూడా సైగలతోనే పని కానిస్తుంటారు. నేను అనంతపురంలో డిప్లొమా పిల్లలకు ఎలక్ట్రానిక్స్ చెబుతాను. మా క్లాసులో ఒక అబ్బాయి వాళ్ల నాయన ఇరవై ఏళ్లుగా అలాంటి కటింగ్ మిషను మీదే ఉన్నాడు. ఫైనలియర్ ప్రాజెక్టుకు ఏం చేస్తావని అడిగితే ఆ పిల్లోడు ఆలోచించకుండా అన్నాడు: "మేడం, ఆ గోలంతా ఊరికే పోతాంది గదా. దాంట్లోంచి కరెంటు తీస్తే షెడ్డులో లైట్లన్నా వెలగవా?"

ఈ ప్రశ్నను నేను తేలిగ్గా తీసుకోలేదు. ధ్వని కూడా శక్తే. గాలి ముందుకూ వెనక్కీ ఊగడమే ధ్వని. ఊగేది ఏదైనా దాన్ని కరెంటుగా మార్చే దారి ఉంటుంది. మార్చగలమా అనే అనుమానం దాదాపు 150 ఏళ్ల కిందటే తీరిపోయింది, మైకు చేసే పని అదే కదా. ఇక తేలాల్సింది ఎంత వస్తుందన్నదే. ఆ 'ఎంత' దగ్గరే చాలా ప్రాజెక్టులు, చాలా వీడియోలు దారి తప్పుతున్నాయి. అందుకని ఏ సామానూ కొనకముందే మేమిద్దరం ఒక తెల్లకాగితం ముందేసుకుని కూర్చున్నాం.

వాళ్ల మిషనుకు 10 హెచ్‌పీ మోటారు, అంటే దాదాపు 7,500 వాట్లు. మిషనుకు మీటరు దూరంలో ఫోనులో డెసిబెల్ యాప్ పెట్టి చూస్తే 100కు అటూ ఇటూగా చూపించింది. ఫోను కొలత అంత కచ్చితం కాదు గానీ మన లెక్కకు చాలు. 100 డెసిబెల్లంటే చదరపు మీటరుకు 0.01 వాటు. ఇప్పుడు మిషను మీద గంప బోర్లించినట్టు మీటరు వ్యాసార్ధమున్న అర్ధగోళాన్ని ఊహించుకోండి. దాని విస్తీర్ణం 6.28 చదరపు మీటర్లు. మిషను చేసే చప్పుడంతా ఆ గంపను దాటుకునే బయటికి పోవాలి. 6.28ని 0.01తో గుణిస్తే 0.06 వాటు చిల్లర.

అబ్బాయి లెక్క తప్పిందనుకుని మళ్లీ చేశాడు. మళ్లీ అంతే. 7,500 వాట్లు మింగే మిషను చప్పుడుగా వదిలేది లక్షలో ఒక వంతు కూడా లేదు. ఒక్క రవ్వ వదలకుండా మొత్తం పట్టుకున్నా స్విచ్‌బోర్డు మీద వెలిగే బుల్లి ఇండికేటరు లాంటివి ఓ ముప్పై వెలుగుతాయేమో. మిగతా కరెంటంతా ఏమైందంటే, బండను కోయడంలో వేడైపోయింది. బండ మీద నుంచి జారే నీళ్లకింద చెయ్యి పెడితే ఆ గోరువెచ్చదనం తెలుస్తుంది. వృథా కోసం వెతకాలనుకుంటే వెతకాల్సింది ఆ నీళ్లలో.

మరి అంత చిన్న శక్తి మనకు అంత పెద్ద గోలగా ఎందుకు వినబడుతుంది? ఈ విషయమంతటికీ కీలకం ఇక్కడే ఉంది. మన చెవి వినగలిగే అతి సన్నని శబ్దం చదరపు మీటరుకు వాటులో లక్ష కోట్లో వంతు. చెవి నొప్పి పుట్టించే శబ్దం అదే చదరపు మీటరుకు దాదాపు ఒక వాటు. రెంటికీ మధ్య తేడా లక్ష కోట్ల రెట్లు. ఇంత విస్తారాన్ని ఒకే అవయవంలో ఇముడ్చుకోవడానికి చెవి గుణకారాలను కూడికలుగా వింటుంది. శక్తి పది రెట్లు పెరిగితే మనకు 'దాదాపు రెట్టింపైంది' అని మాత్రమే అనిపిస్తుంది. డెసిబెల్ కొలత కూడా దాన్నే అనుసరిస్తుంది: ప్రతి 10 డెసిబెల్లకూ శక్తి పదింతలు. మామూలు మాటలు 60 డెసిబెల్లు, మిషను 100. చూడ్డానికి తేడా 40 మాత్రమే, శక్తిలో పదివేల రెట్లు. 100 డెసిబెల్ల మిషను పక్కన అలాంటిదే ఇంకొకటి పెడితే 200 అవదు, 103 అవుతుంది. ఈ ఒక్క సంగతి మనసుకు పట్టిస్తే చాలు, పిల్లలు సగం పొరపాట్లు చేయరు.

మన చుట్టూ ఉన్న శక్తితో పోల్చి చూడండి. మిట్టమధ్యాహ్నం మన సీమ ఎండ చదరపు మీటరుకు దాదాపు 1,000 వాట్లు. మిషను చప్పుడు 0.01 వాటు. అంటే ఎండ లక్ష రెట్లు ఎక్కువ. 2017లో నాటి కర్నూలు జిల్లా గని, శకునాల దగ్గర 1,000 మెగావాట్ల సోలార్ పార్కు పూర్తయింది. దానికి పట్టిన నేల దాదాపు ఆరు వేల ఎకరాలు. ఆ ఆరు వేల ఎకరాల మీద ఎండకు బదులు తాడిపత్రి మిషను చప్పుడు కురుస్తోందనుకోండి. అంతా నూటికి నూరుపాళ్లు కరెంటుగా మారిందనుకున్నా వచ్చేది 240 కిలోవాట్లు. 5 హెచ్‌పీ బోరు మోటార్లు అరవై నాలుగు తిరుగుతాయి. ఒక మోస్తరు ఊళ్లో ఉండే బోర్లు అవి.

అది కూడా నూటికి నూరుపాళ్లు పట్టగలిగితే. పట్టలేం, ఆ కారణం కూడా చెప్పుకోవాలి.

చప్పుడును కరెంటు చేసే పద్ధతులు ప్రధానంగా మూడు. అయస్కాంతం దగ్గర తీగచుట్ట ఊగితే కరెంటు పుడుతుందని 1831లో ఫారడే చూపించాడు. పాటకచేరీల్లో చేత్తో పట్టుకునే మైకుల్లో చాలావరకు లోపల ఉన్నది అదే. 1880లో క్యూరీ సోదరులు, జాక్, పియర్, క్వార్ట్జ్ లాంటి స్ఫటికాలను నొక్కితే వాటి ముఖాల మీద విద్యుదావేశం చేరుతుందని కనిపెట్టారు. దాన్నే పీజో ప్రభావం అంటున్నాం. ఇంట్లో గ్యాస్ లైటరు టక్కుమన్నప్పుడు వచ్చే నిప్పురవ్వ ఆ ప్రభావమే. మూడోది, శాశ్వతంగా ఆవేశం నింపుకున్న పలచటి పొర. 1962లో బెల్ ప్రయోగశాలలో సెస్లర్, వెస్ట్ ఈ పొరతో మైకు చేశారు. తర్వాత దశాబ్దాల్లో కోట్లాది ఫోన్లలోకి, టేపు రికార్డర్లలోకి చేరిన మైకు అదే. ఈమధ్య రెండు పొరల రాపిడితో కరెంటు పుట్టించే పద్ధతి మీద కూడా ప్రయోగశాలల్లో బాగా పని జరుగుతోంది.

పిల్లల ప్రాజెక్టుల్లో కనిపించేది ఎక్కువగా పీజో ప్లేటే. రూపాయి బిళ్లకన్నా కాస్త పెద్ద ఇత్తడి రేకు, దాని మధ్యలో తెల్లటి సెరామిక్ పూత, రెండు తీగలు. బజర్ విప్పితే లోపల ఉండేది ఇదే. మేము 27 మిల్లీమీటర్ల ప్లేట్లు తెప్పించాం. వేలితో టక్కున కొడితే ఎల్‌ఈడీ మిణుక్కుమంది, అబ్బాయి ముఖం కూడా వెలిగింది. ఆ ప్లేటునే షెడ్డులో మిషను ముందు గాలిలో వేలాడదీస్తే ఎల్‌ఈడీ చలించలేదు. లెక్క వేస్తే ఎందుకో తెలిసిపోతుంది. ఆ ప్లేటు విస్తీర్ణం మీద 100 డెసిబెల్ల వద్ద పడే మొత్తం శక్తి దాదాపు 6 మైక్రోవాట్లు (మైక్రోవాటంటే వాటులో పది లక్షల వంతు). ఎల్‌ఈడీ కంటికి బాగా ఆనేలా వెలగాలంటే 2,000 మైక్రోవాట్లు పెట్టాలి.

పైగా ఆ ఆరు కూడా లోపలికి పోదు. చిన్నప్పుడు ఈతబావిలో మునిగినవాళ్లకు ఇది అనుభవమే. గట్టు మీద నిలబడి అమ్మ ఎంత గట్టిగా పిలిచినా నీళ్లకింద ఉన్నవాడికి వినబడదు. గాలి పలచటిది, నీళ్లు బరువైనవి. పలచటిది బరువైనదాన్ని నెట్టలేక వెనక్కి తిరిగిపోతుంది. గాలిలోని ధ్వనిలో నీళ్లలోకి దిగేది వెయ్యో వంతు మాత్రమే. గట్టి సెరామిక్ దిమ్మయితే లక్షలో ఐదారు వంతులు దిగితే గొప్ప. ప్లేటు పలచగా వంగే రకం కాబట్టి దానికి కొంత నయం, అయినా చాలాభాగం తిరిగి గాలిలోకే పోతుంది. మన చెవి ఈ చిక్కును ఎంత అందంగా విప్పుకుందో చూడండి. కర్ణభేరికీ లోపలి చెవిలో ఉన్న ద్రవానికీ మధ్య మూడు చిన్న ఎముకలు మీటల్లా పనిచేసి, పెద్ద పొర మీద పడ్డ ఒత్తిడినంతా దానికన్నా ఇరవయ్యో వంతు ఉండే చిన్న కిటికీ మీదికి తోస్తాయి.

పరిశోధకులు కూడా అలాంటి ఉపాయాలే వెతుకుతున్నారు. వాటిలో ముఖ్యమైనది అనునాదం. ఖాళీ కుండ మూతి దగ్గర నోరు పెట్టి ఊదితే 'భూం' అని ఒకే స్వరం పలుకుతుంది. కుండలోని గాలి స్ప్రింగులా, మెడలోని గాలి ఆ స్ప్రింగుకు కట్టిన బరువులా ఊగుతాయి. 19వ శతాబ్దంలో జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ దీన్ని లోతుగా పరిశీలించాడు కాబట్టి ఆయన పేరే నిలిచింది. బయట అదే స్వరం మోగుతుంటే, ఉయ్యాలను సరైన సమయంలో తోసినట్టు, కుండలోపల గాలి ఒత్తిడి ఎన్నో రెట్లు పెరుగుతుంది. అడుగున పీజో ప్లేటు పెడితే అక్కడ కరెంటు కూడా పెరుగుతుంది. కుండ శక్తిని పుట్టించదు. కానీ తన మూతికన్నా ఎంతో పెద్ద విస్తీర్ణం నుంచి శక్తిని లాక్కోగలదు. 100 హెర్ట్జ్ స్వరానికి, అంటే సెకనుకు వందసార్లు ఊగే స్వరానికి, గోడలో అమర్చిన ఒక కుండ, అన్నీ సరిగ్గా కుదిరితే, దాదాపు రెండు చదరపు మీటర్ల మేర ధ్వనిని ఒక్కటే తాగేయగలదు. ఈ సంగతి చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు, అంత బాగుంది.

చిక్కేమిటంటే కుండకు ఒక్క స్వరమే వినబడుతుంది. బండ కోసే చప్పుడులో వందల స్వరాలు కలగలిసి ఉంటాయి, రాయి మారితే అవీ మారతాయి. 100 హెర్ట్జ్ దగ్గర సమంగా పట్టిన కుండ మిగతా వాటికి చెవిటిదే.

ఇంకో పొరపాటు వోల్టేజీ దగ్గర జరుగుతుంది. 'మా ప్లేట్ల నుంచి 20 వోల్టులు వచ్చాయి' అని మల్టీమీటరు చూపిస్తూ వీడియో పెడతారు. 20 వోల్టులు నిజమే. గ్యాస్ లైటరులో వేల వోల్టులు పుడతాయి, వేలికి తగిలితే చురుక్కుమంటుంది, అంతే. మేడ మీద ట్యాంకు ఎంత ఎత్తులో ఉన్నా కొళాయి నుంచి చుక్కచుక్కగా పడితే బిందె నిండదు కదా. వోల్టేజీ ఆ ఎత్తు, కరెంటు ఆ ధార. రెంటినీ గుణిస్తేనే వాట్లు. లోడు పెట్టకుండా వోల్టేజీ ఒక్కటే కొలిచి చూపించే ప్రాజెక్టును నేను ఒప్పుకోను. నిరోధకం తగిలించి, దాని మీద వోల్టేజీ కొలిచి, వాట్లు లెక్కకట్టి తెమ్మంటాను.

స్పీకరుకు ప్లేటు ఆనించి ఎల్‌ఈడీ వెలిగించే వీడియోలు కూడా అలాంటివే. వినాయక చవితి డీజే పెట్టెలకు వేల వాట్ల కరెంటు పోస్తే, మామూలు స్పీకరు అందులో నూటికి ఒకటీ రెండు వంతులే ధ్వనిగా మారుస్తుంది. ఆ ధ్వనిలోంచి మళ్లీ కొసరు కరెంటు తీసి దీపాలు వెలిగించేకన్నా, అదే ప్లగ్గుకు సీరియల్ లైట్లు తగిలించడం మేలు.

ఇంతా విన్నాక అబ్బాయి నీరసపడ్డాడు. "అయితే ఇది దేనికీ పనికిరాదా మేడం?" అన్నాడు. పనికొస్తుంది. ఎక్కడ పనికొస్తుందో తెలుసుకుంటే ఆ అందం వేరు.

ఓడల్లో, గనుల్లో బ్యాటరీ అక్కర్లేని టెలిఫోన్లు ఉన్నాయి. మాట్లాడేవాడి గొంతే వాటికి కరెంటు. మాట ఒక పొరను ఊపుతుంది, పొర అయస్కాంతం దగ్గర తీగచుట్టలో కరెంటు పుట్టిస్తుంది, అది తీగ వెంట పోయి అవతలి పొరను ఊపుతుంది. కరెంటు పోయినా, ఓడలోకి నీళ్లొచ్చినా మాట మాత్రం ఆగదు. మామూలుగా మాట్లాడేటప్పుడు మన గొంతు వదిలే ధ్వని కొన్ని పదుల మైక్రోవాట్లకు మించదు. దారిలో ఎంత పోయినా పని జరిగిపోవడానికి కారణం, అవతల ఉన్నది బల్బు కాదు, మనిషి చెవి. ఒక మైక్రోవాటు చెవికి మహాభాగ్యం.

ఇంకో పక్క, వేడిని ముందు ధ్వనిగా మార్చి, దాన్నుంచి కరెంటు తీసే ఇంజన్లు ఉన్నాయి. గొట్టంలో ఒక చివర వేడి, పక్కనే చల్లదనం ఉంటే లోపలి వాయువు దానంతటదే మోగుతుంది. గాజు పనివాళ్లు ఊదే గొట్టాల్లో ఈ మోత ఎప్పటినుంచో ఎరుగుదురు. 1999లో అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలలో బాక్‌హౌస్, స్విఫ్ట్ అనే శాస్త్రవేత్తలు ఒత్తిడి మీద హీలియం నింపిన అలాంటి ఇంజన్లో వేడిలో 30 శాతాన్ని ధ్వనిశక్తిగా మార్చి చూపించారు. మూసిన గొట్టం లోపల ధ్వని ఏ డీజేకూ అందనంత తీవ్రంగా ఉంటుంది కాబట్టే అక్కడ లెక్క కుదురుతుంది. బయటి చప్పుడును పట్టడం కాదు అది, వేడిని కరెంటుగా మార్చే దారిలో ధ్వనిని ఒక మజిలీ చేసుకోవడం.

మన చుట్టుపక్కలకు సరిపోయేది మూడో దారి: గాలిలోకి వచ్చిన చప్పుడును వదిలేసి, అది పుట్టే చోటే, లోహం ఒంట్లోనే పట్టుకోవడం. ఫ్యాక్టరీ ఫిట్టర్లకు ఇది పుస్తకం చదవకుండానే తెలుసు. మోటారు బేరింగు బాగుందో లేదో చూడాలంటే పొడవాటి స్క్రూడ్రైవరు మొన బేరింగు దగ్గర ఆనించి, పిడి చెవి ముందరి ఎముకకు ఒత్తి పెట్టి వింటారు. ఉక్కు నుంచి ఎముకకు ప్రకంపన నేరుగా పోతుంది, మధ్యలో గాలి అడ్డు లేదు. పీజో ప్లేటు కూడా అక్కడ కూర్చుంటే గాలిలో దొరికేదానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ దొరుకుతుంది.

గుంతకల్లు, గుత్తి మీదుగా రోజంతా పోయే గూడ్సు బండ్లను చూడండి. ఆ వ్యాగన్లలో కరెంటు ఉండదు. చక్రం బేరింగు వేడెక్కిపోతే, రైల్వేవాళ్లు హాట్ యాక్సిల్ అనేది, బండి పట్టాలు తప్పే ప్రమాదం ఉంది. ప్రతి బేరింగు దగ్గర ఒక చిన్న ఉష్ణోగ్రత సెన్సరు ఉంటే మంచిదే, కానీ దానికి తీగ లాగలేం, వేల వ్యాగన్లకు బ్యాటరీలు మారుస్తూ కూర్చోలేం. చక్రం అదురే ఆ సెన్సరుకు కూడు పెట్టగలదు. ఇప్పటి చిప్పులు నిద్రలో మైక్రోవాటు లోపే తింటాయి. 10 మైక్రోవాట్లు గంటసేపు దాచుకుంటే 36 మిల్లీజౌల్లు. రేడియో మీద ఒక చిన్న కబురు పంపడానికి మిల్లీజౌలు లోపే చాలు. గంటకో పదిసార్లు 'నేను బాగున్నాను, ఇంత వేడిగా ఉన్నాను' అని చెప్పడానికి అది ధారాళం.

ఈ లెక్కలన్నీ అయ్యాక చెవుల సంగతికొచ్చాం. అబ్బాయే ఎత్తాడు. "మా నాయన టీవీ సౌండు మొత్తం పెడతాడు మేడం. అయినా ఏమన్నాడు, ఏమన్నాడు అని మమ్మల్నే అడుగుతాంటాడు." 100 డెసిబెల్ల దగ్గర కర్ణభేరి మీద పడే శక్తి అర మైక్రోవాటు పైచిలుకు. ఎల్‌ఈడీని కదిలించలేనిది, లోపలి చెవిలోని సన్నని కేశకణాలను మాత్రం రోజూ కొంచెం కొంచెం చంపేస్తుంది. ఒక్కో చెవిలో అవి దాదాపు 15,000. పోయినవి మళ్లీ మొలవవు. 85 డెసిబెల్లు 8 గంటలు, ఆపైన ప్రతి 3 డెసిబెల్లకూ సమయం సగానికి సగం తగ్గించుకోవాలని అమెరికాలోని కార్మిక ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఆ లెక్కన 100 డెసిబెల్ల దగ్గర ఉండదగ్గది రోజుకు 15 నిమిషాలు. ఆయన 20 ఏళ్లుగా రోజూ 8 గంటలు ఉన్నాడు. షెడ్డులో ఎవరూ ఆయనకు ఒక జత ఇయర్‌మఫ్‌లు ఇవ్వలేదు. సరిగ్గా పెట్టుకుంటే 20 డెసిబెల్ల పైన తగ్గిస్తాయి, అంటే చెవికి చేరే శక్తి వందో వంతుకు దిగుతుంది. మధ్యలో రాగి పొర పెట్టి మోత తగ్గించిన బ్లేడ్లు కూడా దొరుకుతాయి. మిషను చుట్టూ గ్లాస్‌వూల్ పలకలు కడితే అవి చప్పుడును తాగి వేడిగా మార్చేస్తాయి. చప్పుడు నుంచి కరెంటు తీసే గోడల కన్నా ఆ షెడ్డుకు కావలసింది ఈ గోడలు. నేను ఇది గట్టిగానే చెప్పాను.

చివరికి ప్రాజెక్టు పేరు మారింది. హ్యాక్సా బ్లేడు ముక్కను ఒక చివర మోటారు బేరింగు పక్కన బోల్టుతో బిగించాం, రెండో చివర ఆరంగుళాలు గాలిలోకి వదిలాం. మోటారు నిమిషానికి 1,440 చుట్లు, అంటే సెకనుకు 24. ఉక్కు బ్లేడు ఆ పొడవులో సెకనుకు దాదాపు అన్నిసార్లే ఊగుతుంది. మిగిలిన తేడాను కొసకు సోల్డరు ముద్ద అంటించి సరిచేశాం. రెండు ముద్దలు ఎక్కువయ్యాయి, ఒకటి తీసేశాం. ఆ సమయానికి బ్లేడు కొస చూపుకు ఆనకుండా మసకబారి ఊగింది. బోల్టు బిగించిన చివర బ్లేడుకు అతికించిన పీజో ప్లేటు, అటూ ఇటూ ఊగే కరెంటును ఒకే వైపుకు తిప్పే నాలుగు డయోడ్లు, ఆ కరెంటును దాచుకునే 100 మైక్రోఫారడ్ల కెపాసిటరు, అది 3 వోల్టులకు చేరగానే ఒక్కసారి ఖాళీ చేసే చిన్న సర్క్యూటు. ఎల్‌ఈడీ వెలిగింది. ఆరిపోయింది. మళ్లీ వెలగడానికి నాలుగు నిమిషాలు పట్టింది. లెక్క కడితే రెండు మైక్రోవాట్లు.

పక్క షెడ్డులో బేరింగు అరిగిన మోటారొకటి ఉందంటే అదే పట్టీ అక్కడ బిగించాం. అక్కడ నిమిషం తిరక్కుండానే మిణుక్కుమంది. అదురు ఎక్కువ కాబట్టి కెపాసిటరు త్వరగా నిండింది. కరెంటు పుట్టించేదీ, జబ్బు చెప్పేదీ ఒకటే అయింది, వేరే సెన్సరు అవసరమే లేకపోయింది. అబ్బాయి వాళ్ల నాయనను పిలిచి చూపించాడు. మోటారు చప్పుడులో తేడా ఆయనకు ఇప్పుడు వినబడదు. మెరుపుకూ మెరుపుకూ మధ్య వేళ్లమీద లెక్కపెట్టుకుని, పోయి మొదటి మోటారు దగ్గర నిలబడి మళ్లీ లెక్కపెట్టి, తిరిగొచ్చి అరిగిన బేరింగు మీద చెయ్యి పెట్టి తల ఊపాడు.